ఇంటికో జత మట్టి ఎద్దులు

ఏరువాక పున్నమి నాడు ఎద్దులను కడిగి, కొమ్ములు చెక్కి రంగులు పూసి, మెడలో గజ్జెలు కట్టి ఊరేగించిన సందడి సద్దుమణగక ముందే కుమ్మరి వీధిలో మరో పని మొదలవుతుంది. సరిగ్గా పక్షం రోజులకు జ్యేష్ఠ బహుళ అమావాస్య. కర్నూలు జిల్లా పడమటి పల్లెల్లోనూ, తుంగభద్ర దాటితే గద్వాల, నారాయణపేట ప్రాంతాల్లోనూ ఆ రోజును మట్టి ఎద్దుల అమావాస్య అంటారు. సరిహద్దుకు అవతల కన్నడ సీమలో దాని పేరు మన్నెత్తిన అమావాస్య. పేరు ఏదైనా చేసేది ఒకటే. ఇంటికి ఒక జత మట్టి ఎద్దులను తెచ్చి, దేవుని మూల పీట మీద నిలిపి, పసుపు కుంకుమలు పెట్టి, ఓళిగలు నైవేద్యం పెట్టి, ఈ ఏడు సేద్యం చల్లగా సాగాలని మొక్కుకుంటారు. పున్నమికి నిజం ఎద్దు, అమావాస్యకు మట్టి ఎద్దు.

ఆ రోజు తెల్లవారేసరికి ఊళ్ళో ఎన్ని గడపలు ఉన్నవో అన్ని జతలు సిద్ధం కావలసి ఉంటుంది. అందుకని కుమ్మరి ఇంట్లో ఆ పదిహేను రోజులూ ముసలీ ముతకా, పిల్లా జెల్లా అందరూ మన్ను పట్టుకుంటారు. సారె తిప్పడం రాని పిల్లలు కూడా. ఇంకా చెప్పాలంటే కుమ్మరి ఇంటి పిల్లకు మొదటి పాఠం కుండ కాదు, ఎద్దే. సారె బరువైనది. దాన్ని తిప్పి, దాని ముందు కుదురుగా కూర్చోవడానికి వయసు రావాలి, నడుములో సత్తువ రావాలి. ఎద్దుకైతే రెండు చేతులూ, ఒక పీటా చాలు.

చూడటానికి పిల్లలాట. చేయబోతే తెలుస్తుంది.

మన్ను ఎంచడం

ఈ ప్రాంతం నల్లరేగడి నేల. వేసవిలో చేలల్లో చెయ్యి దూరేంత నెర్రెలు విచ్చడం ప్రతి రైతూ చూసేదే. రేగడి తడికి ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. వట్టి రేగడితో ఎద్దును చేస్తే ఆ నెర్రెలే ఎద్దు పొట్ట మీద కనబడతాయి. కనుక చెరువు అడుగున పేరుకున్న సన్నటి ఒండ్రు తెచ్చి, అందులో ఎర్రమన్నో, జల్లించిన సన్న ఇసుకో కలుపుతారు. ఎంత కలపాలన్నది ఏ చెరువు మన్నుకు ఆ చెరువు లెక్క. ఒక ఊరి కొలత పక్క ఊరికి పనికిరాదు.

దానికి ఒక పరీక్ష ఉన్నది. తడిపిన మన్నును వేలెడు లావు తాడులాగా పేని, చూపుడు వేలి చుట్టూ చుట్టి చూస్తారు. పైన పగుళ్ళు విచ్చితే జిగట చాలలేదని గుర్తు. వేలికి అంటుకొని ఊడిరాకపోతే జిగట ఎక్కువైందని గుర్తు. పగలకుండా, అంటకుండా వేలి చుట్టూ తిరిగిందంటే ఎద్దుకు పనికివస్తుంది. కొత్తగా నేర్చుకునేవారు ఈ పరీక్షను నాలుగు ముద్దల మీద చేసి చూస్తే పుస్తకం చదివిన దానికంటే ఎక్కువ తెలుసుకుంటారు.

మన్నును ఎండబెట్టి, చిదిపి, జల్లించి, గుంతలో నానబెట్టి, తరువాత కాళ్ళతో తొక్కాలి. తొక్కేటప్పుడు మడమకు గుచ్చుకున్న ప్రతి రాయినీ ఏరి పారేయాలి. ముఖ్యంగా రేగడి నేలల్లో దొరికే తెల్లటి సున్నపు గుల్లలు. పచ్చి బొమ్మలో ఉంటే వాటితో పెద్ద ప్రమాదం లేదు. కాల్చే బొమ్మలో శనగగింజంత గుల్ల మిగిలినా అది ఆవంలో సున్నంగా మారుతుంది, ఆ మీదట గాలిలోని చెమ్మను పీల్చుకొని ఉబ్బుతుంది. ఆవం దించిన నాలుగో రోజునో, పదో రోజునో బొమ్మ పక్క పెళ్ళ టప్పున ఊడిపడుతుంది. కొన్నవాళ్ళు కుమ్మరిని తిడతారు. తప్పు మాత్రం తొక్కిన కాలిది.

నాలుగు కాళ్ళ మీద నిలబెట్టడం

ఎవరైనా మొదటిసారి ఎద్దును చేయబోతే ఒక ముద్దను పొట్టగా చేసి, నాలుగు కాళ్ళు విడిగా పేని కింద అంటిస్తారు. అయిదు నిమిషాలు నిలబడుతుంది. ఆ తరువాత ముందు కాళ్ళు వంగుతాయి, పొట్ట పీటకు ఆనుతుంది. "ఏమ్రా, నీ ఎద్దు అప్పుడే పండుకోనింది?" అని ఇంట్లో పెద్దవాళ్ళు నవ్వడం పరిపాటి. ప్రతి పిల్లవాడూ ఆ నవ్వు తినే నేర్చుకుంటాడు.

చేయి తిరిగినవారు కాళ్ళను అంటించరు. జానెడు పొడుగు ముద్దను రొట్టెల కర్రలాగా దొర్లించి, రెండు కొసలనూ దారంతో నిలువునా చీలుస్తారు. చీలిన కొసలను కిందికి వంచితే ముందు రెండు, వెనుక రెండు కాళ్ళు వస్తాయి. మధ్యన మిగిలినది నడుము. పొట్ట నుంచి కాలు దాకా మన్ను ఒకటే కనుక ఎక్కడా అతుకు లేదు. కాళ్ళు పొట్టిగా, తొడ దగ్గర లావుగా ఉండాలి. సన్నటి పొడుగాటి కాళ్ళు అందంగా ఉంటాయని పిల్లలకు అనిపిస్తుంది గానీ మట్టికి ఆ బరువు మోసే శక్తి లేదు. గట్టిపడే దాకా పొట్ట కింద చిన్న మట్టి ముద్దను ఊతగా పెడతారు. సాయంత్రానికి దాన్ని తీసేస్తారు.

పీట మీద బూడిద చల్లడం మరిచిపోరాదు. ఎండుతున్న మన్ను కుంచించుకుపోతుంది, ఎద్దు కాళ్ళు ఒకదాని దగ్గరికి ఒకటి జరుగుతాయి. బూడిద ఉంటే పాదం జారుతుంది. లేకపోతే పాదం పీటకు అంటుకుపోయి, జరగవలసిన చోట జరగలేక, కాలు పైన పగులు వస్తుంది. ఉదయం చూసి దిష్టి తగిలిందని అనుకునేవారు ఉన్నారు. చిటికెడు బూడిదతో పోయే దిష్టి అది.

మెడ, తల వేరే ముద్దతో చేసి కలపవలసిందే. కలిపే చోట రెండు వైపులా పుల్లతో గీతలు గీసి, పలుచటి మట్టి నీళ్ళు పూసి, అదిమి, లోపలి నుంచి బయటికి వేలితో రాయాలి. రెండు ముక్కలూ ఒకే తడిలో ఉండాలన్నది ఇక్కడ అసలు కిటుకు. పొద్దున చేసిన పొట్టకు సాయంత్రం చేసిన తలను అతికితే, పొట్ట అప్పటికే కుంచించుకొని ఉంటుంది, తల ఇంకా కుంచించుకోవలసి ఉంటుంది. రాత్రికి రాత్రి మెడ చుట్టూ గీత పడుతుంది. తెల్లారి చెయ్యి వేస్తే తల చేతిలోకి వస్తుంది.

మూపురం, గంగడోలు, కొమ్ము

నాలుగు కాళ్ళ మీద నిలబడ్డ మట్టి ముద్ద మేకో, కుక్కో, గుర్రమో కూడా కావచ్చు. దాన్ని ఎద్దును చేసేవి మూడు. వీపు మీద మూపురం, మెడ కింద వేలాడే గంగడోలు, తల మీద కొమ్ములు. మూపురాన్ని వీపు మన్నులోంచే బొటనవేలూ చూపుడు వేలూ కలిపి పైకి లాగుతారు. గంగడోలును మెడ కిందుగా గిల్లి, పలుచగా సాగదీసి వదులుతారు. చూస్తుండగానే ముద్ద ఎద్దవుతుంది. నేర్చుకునే పిల్లకు అన్నిటికంటే సంతోషం కలిగించే ఘడియ ఇదే.

కొమ్ముల సంగతి వేరు. ఒంగోలు గిత్తకు మూపురం పెద్దది, గంగడోలు నిండుగా ఉంటుంది, కొమ్ములు పొట్టివి. కిలారి ఎద్దుకూ, మైసూరు వైపు నుంచి వచ్చే హళ్ళికారు ఎద్దుకూ కొమ్ములు పొడుగ్గా వెనక్కు సాగి పైకి లేస్తాయి. మట్టిలో చేయడానికి ఒంగోలు గిత్తే సులువు. అయినా ఈ వైపు పిల్లలు పొడుగు కొమ్ముల ఎద్దునే అడుగుతారు. కొమ్ము మొదలు లావుగా చేసి కొసకు పోనుపోను సన్నం చేస్తారు. సన్నటి కొస ముందుగా ఎండి, లావు మొదలు ఇంకా తడిగా ఉన్నదంటే రెండింటి నడుమ పగులు తప్పదు. కనుక చేసిన వెంటనే కొమ్ములకూ చెవులకూ తడిగుడ్డ కప్పుతారు. పొట్ట ఎండే వేగానికి కొమ్ము ఎండే వేగం సరిపడాలి. తోకను గాలిలో వదలరు, తొడకు అంటించి కిందికి దించుతారు. గాలిలో వదిలిన తోక సంత దాకా కూడా రాదు.

ఎండబెట్టడం నీడలోనే. మూడు నాలుగు రోజులు తిప్పుతూ పెట్టాలి. మృగశిర కార్తె వానలు పడే రోజులు కనుక ఇక్కడ కుమ్మరి కష్టం చెప్పనలవి కాదు. వాన పడకపోతే రైతు దిగులు పడతాడు, పడితే కుమ్మరి దిగులు పడతాడు. కాల్చని మన్ను మీద ఇంటి కప్పు లోంచి నాలుగు చుక్కలు కారినా ఎద్దు కరిగిపోతుంది. చుక్కలు పడే చోటు చూసుకొని వరుసలు మార్చుకుంటూ రాత్రిళ్ళు కూర్చునే ఇళ్ళు ఉన్నవి.

సున్నం మీద పసుపు వేయరాదు

అలంకరణ చాలా ఇళ్ళలో ఆడవారి చేతి పని. సారె పని మగవారిది, సింగారం ఆడవారిది అని పూర్వం నుంచి వస్తున్న వాడుక. రంగులు కొనేవి కావు. తెలుపుకు సున్నం లేదా సుద్ద, ఎరుపుకు ముగ్గుల పక్కన వేసే జాజు, నలుపుకు దీపం మసి. మసి నిలవడానికి కాస్త తుమ్మ బంక నీళ్ళు కలుపుతారు. కుంచె అంటే ఈతపుల్ల కొసను నలగగొట్టి పీచు తీసినదే.

తెలుపు ముందు, ఎరుపు తరువాత, నలుపు చివర. ఒకటి ఆరిన తరువాతే ఇంకొకటి. తొందరపడి సున్నాన్ని చిక్కగా దట్టిస్తే పచ్చి మన్ను ఆ తడికి మెత్తబడి పొరలు పొరలుగా లేస్తుంది. పలుచగా రెండు పూతలు వేయాలి. పసుపు దగ్గర కొత్తవారు తప్పకుండా పొరబడతారు. తెల్లటి ఎద్దు మెడలో పచ్చటి దండ వేద్దామని సున్నం మీద పసుపు నీళ్ళు గీస్తే పచ్చన కాస్తా ఎర్రబడుతుంది. పసుపులో సున్నం కలిపి పారాణి చేసే ఇంట్లో పుట్టిన పిల్లకు ఇది తెలియక కాదు, బొమ్మ చేతిలో ఉన్నప్పుడు గుర్తుకు రాదు. పసుపే కావాలనుకుంటే సున్నం తగలని చోట వేయాలి. లేదా అడుగున సున్నానికి బదులు సుద్ద పూయాలి.

కళ్ళకు జొన్నగింజలో, గురివింద గింజలో పెడతారు. ఇందులోనూ సమయం చూసుకోవాలి. మెత్తటి మన్నులో ఎండు జొన్న గుచ్చితే గింజ తడి పీల్చుకొని ఉబ్బి, కంటి చుట్టూ పగుళ్ళు తెస్తుంది. గింజ మళ్ళీ ఎండి చిన్నదైనాక గుంతలోంచి జారిపోతుంది. ఎద్దు కళ్ళు రెండూ పీట మీద దొరుకుతాయి. మన్ను సగం ఆరి, గోటితో నొక్కితే గుర్తు పడేంత గట్టిపడ్డాక గింజ పెట్టడం మంచిది.

ఆ తరువాత ఎవరి ముచ్చట వారిది. కొమ్ముల కొసలకు కుప్పెలు, నొసట బొట్టు, మెడకు పట్టెడ, దానికి మట్టి గజ్జెలు, ముక్కుకు నిజం దారంతోనే ముకుతాడు, వీపు మీద గళ్ళ బొంత. ఒక్కొక్క ఇంటి ఎద్దు బొంత మీది గీతలు ఒక్కొక్క తీరుగా ఉంటాయి. సంతలో వంద జతలు కలిపి పెట్టినా ఏ జత ఏ ఇంటిదో అవి చేసినవారు గుర్తుపడతారు. ఎద్దులతో పాటు మేత వేసే చిన్న గాడి కూడా చేసి ఇస్తారు కొందరు. గాడిలో పిల్లలు నిజం గడ్డే వేస్తారు.

ఆవంలోకి వెళ్ళే ఎద్దు వేరు

అమావాస్య ఎద్దు పచ్చిది. దాన్ని కాల్చరు, కాల్చరాదు కూడా. లోపల గట్టిగా ఉన్న ముద్దను ఆవంలో పెడితే నడి పొట్టలో మిగిలిన చెమ్మ ఆవిరై, బయటికి దారి దొరకక, బొమ్మను పగలగొడుతుంది. లోపల గాలి బుడగ ఉంటే పేలుతుందని చాలామంది చెబుతారు. గాలి కంటే చెమ్మ చేసే చెరుపే ఎక్కువ. పూర్తిగా ఎండని బొమ్మ బుడగ లేకపోయినా పేలుతుంది.

ఏడాది పొడుగునా అమ్మే జంతువుల బొమ్మలు, తోటల్లో పెట్టే ఏనుగులు, గుర్రాలు కాల్చినవి. వాటికి లోపల బోలు ఉండాలి, అన్ని వైపులా మందం ఒకే తీరున ఉండాలి, ఆవిరి పోవడానికి పొట్ట కింద రంధ్రం ఉండాలి. కుండ పని వచ్చినవారికే ఇది సాధ్యం. ఏనుగు పొట్ట అంటే మూతి మూసిన కుండే, కాలు అంటే అడుగు లేని గొట్టమే. పశ్చిమ బెంగాల్ బాంకురా జిల్లాలో పాంచ్‌ముడా గ్రామపు కుమ్మరులు చేసే పొడుగు మెడ గుర్రం ఇలాంటిదే. కాళ్ళు, మెడ, పొట్ట విడివిడిగా సారె మీద తీసి కలుపుతారు. ఆకుల్లాంటి చెవులనూ, తోకనూ విడిగా చేసి రంధ్రాల్లో దూర్చుతారు. ఊరి దేవతకు మొక్కుగా ఇచ్చే ఆ గుర్రం తరువాత దేశమంతటా ప్రసిద్ధికెక్కి, 2018లో భౌగోళిక గుర్తింపు కూడా పొందింది.

ఇక కాల్చడం. మొదట రెండు మూడు గంటలు పొగ తప్ప మంట కనబడరాదు. మిగిలిన చెమ్మ మెల్లగా పోవాలి. పిడకలు, కట్టె, గడ్డి పేర్చి, పైన పెంకులు కప్పి, మట్టితో మెత్తిన పల్లెటూరి ఆవంలో వేడి సుమారు 700 నుంచి 900 డిగ్రీల దాకా పోతుంది. గాలి ఆడితే బొమ్మ ఎర్రగా వస్తుంది. చివర్లో గాలి దారులన్నీ మూసి పొగను లోపలే బంధిస్తే నల్లగా వస్తుంది. మెరుపు కావాలంటే ఆవానికి ముందే ఎర్రమన్ను నీళ్ళు పూసి, ఆరీ ఆరకుండా ఉన్నప్పుడు నున్నటి గులకరాయితో రుద్దాలి. ఈ రుద్దుడుకు ఓపిక ఉన్నవారు తగ్గిపోయారు. దుకాణంలో దొరికే వార్నిషు రాసి పని ముగించడం ఎక్కువైంది.

ఈ నేలలోనే దొరికిన ఎద్దులు

మట్టితో ఎద్దును చేయడం ఈ ప్రాంతానికి నిన్న మొన్నటిది కాదు. పాత మహబూబ్‌నగర్ జిల్లాలోని ఉట్నూరు వద్ద ఒక పెద్ద బూడిద దిబ్బను 1957లో ఆల్చిన్ అనే పురావస్తు శాస్త్రవేత్త తవ్వించాడు. అది పశువుల దొడ్డిలో పేరుకున్న పేడను మళ్ళీ మళ్ళీ కాల్చగా ఏర్పడ్డ దిబ్బ అని తేలింది. బూడిద పొరల్లో పశువుల గిట్టల గుర్తులు అచ్చుపడి ఉన్నాయి. నాలుగు వేల ఏళ్ళకు పైబడిన మాట ఇది. కృష్ణకు దక్షిణాన రాయచూరు జిల్లా పిక్లిహాళ్‌లోనూ ఆయనే తవ్వకాలు జరిపాడు. అక్కడి బండల మీద మూపురం ఎద్దుల బొమ్మలు చెక్కి ఉన్నవి. కాల్చిన మట్టితో చేసిన మూపురం ఎద్దులూ దొరికాయి. ఆ బొమ్మలను అప్పటివారు ఎందుకు చేశారో, పూజకో, పిల్లల ఆటకో, ఎవరూ రూఢిగా చెప్పలేరు. మూపురాన్ని గిల్లి పైకి లాగిన వేళ్ళ తీరు మాత్రం ఈనాటి కుమ్మరి పిల్లకు కొత్తగా అనిపించదు.

అచ్చుతో బొమ్మలు చేయడం ఈ కాలపు చెడుగు అని కొందరు చిన్నచూపు చూస్తారు. అదీ పూర్తిగా నిజం కాదు. సంగారెడ్డి జిల్లా కొండాపురంలో శాతవాహనుల కాలపు పట్టణాన్ని తవ్వితే, ముందొక అచ్చు, వెనుకొక అచ్చు వేసి, రెంటినీ కలిపి బోలుగా చేసిన అందమైన మట్టి బొమ్మలు బయటపడ్డాయి. వాటిలో తెల్లటి మేలురకం మన్నుతో చేసినవి ఉన్నవి. అచ్చు చేసిన చేయి ఎద్దును ఎరిగిన చేయి అయితే అచ్చుతో ఇబ్బంది లేదు.

చూసి చేయడానికి ఎద్దు ఏది?

ఇబ్బంది అంతా ఇక్కడే వచ్చింది. పూర్వం ఎద్దును చేయడం నేర్చుకునే పిల్లకు ఎదురుగా గాటి పట్టున ఎద్దు ఉండేది. ఎద్దు మోకాలు ముందుకు ఎలా మడుస్తుంది, వెనుక కాలు ఎటు వంగుతుంది, మెడ మీద కాడి రాసుకున్న కాయ ఎక్కడ ఉంటుంది, ఇవన్నీ ఎవరూ చెప్పకుండానే తెలిసేవి. ఇప్పుడు దుక్కి ట్రాక్టరుది, బండి ఆటోది. దేశం మొత్తం మీద మగ పశువులు 2012 పశుగణనలో సుమారు 6 కోట్ల 79 లక్షలు ఉండగా, 2019 నాటికి సుమారు 4 కోట్ల 74 లక్షలకు దిగాయి. ఏడేళ్ళలో నూటికి ముప్ఫై తగ్గాయన్న మాట. ఈ ఊళ్ళలో వీధికి వీధి ఎద్దులు లేనివి కనబడుతున్నాయి. పున్నమి నాడు ట్రాక్టరునే కడిగి బొట్టు పెట్టే ఇళ్ళు ఉన్నవి.

అయినా అమావాస్యకు ఆ ఇళ్ళన్నీ మట్టి ఎద్దులను కొంటున్నాయి. ఇది విశేషం. దొడ్డిలో ఎద్దు పోయింది గానీ పీట మీద ఎద్దు పోలేదు. గిరాకీ ఉన్నది, చేసేవారూ ఇంకా ఉన్నారు. చేసే పిల్లలు మాత్రం నిజం ఎద్దును కాకుండా నిరుటి మట్టి ఎద్దును చూసి చేస్తున్నారు. నిరుటిది అంతకు ముందటేటి దాన్ని చూసి చేసినది. ఇలా చూసి చూసి చేయగా మూపురం మెడ మీదికి జరుగుతుంది, గంగడోలు మాయమవుతుంది, వెనుక కాలు గుర్రపు కాలు అవుతుంది. రంగు డబ్బాల పూత మెరిసిపోతుంటే కొనేవారు కూడా గమనించరు. వారి ఇళ్ళలోనూ ఎద్దు లేదు కదా.

దీనికి మందు పెద్ద ఖర్చుతో కూడినది కాదు. ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతరలో ఎద్దుల సంత జరుగుతుంది. నది అవతల పెబ్బేరు పశువుల సంత ఉండనే ఉన్నది. నేర్చుకునే పిల్లలను ఒక పూట అక్కడికి తీసుకువెళ్ళి, ఒక ఎద్దు చుట్టూ నాలుగు వైపులా తిప్పి చూపించి, ఇంటికి వచ్చిన వెంటనే చేయిస్తే ఆ ఏటి ఎద్దులో తేడా కనబడుతుంది. బడిలో పిల్లలకు బంకమన్ను బొమ్మలు చేయించే ఉపాధ్యాయులు కూడా ఈ పని చేయవచ్చు. ఊళ్ళో ఒక్క జత ఎద్దులు మిగిలినా చాలు.

మేర పోయింది, మన్ను మిగలాలి

పూర్వం కుమ్మరికి రైతు ఇచ్చేది పైకం కాదు, మేర. ఏడాది పొడుగునా కుండలు, ప్రమిదలు, పెళ్ళికి ఐరేని కుండలు, అమావాస్యకు ఎద్దులు ఇచ్చినందుకు కళ్ళంలో ఇన్ని జొన్నలు కొలిచేవారు. స్టీలు బిందెలూ, ప్లాస్టిక్ కడవలూ వచ్చి కుండ గిరాకీ తగ్గాక మేర కూడా చాలా ఊళ్ళలో ఆగిపోయింది. ఎద్దుల జతకు ఇప్పుడు చేతికి డబ్బే ఇస్తున్నారు. బేరమాడేవారు మాత్రం, "మన్నే గదప్పా, దీనికింత రేటా" అంటారు. మన్ను ఊరికే రావడం లేదన్నది వారికి తెలియదు. చెరువుల్లో మంచి ఒండ్రు ఇటుక బట్టీలకూ, ఇళ్ళ స్థలాలు మెరక చేయడానికీ ట్రాక్టర్ల మీద తరలిపోతున్నది. మిగిలిన మన్నుకు కుమ్మరి దూరం పోవలసి వస్తున్నది.

కుమ్మరులు తెలుసుకొని ఉండవలసిన సంగతి ఒకటి ఉన్నది. కుండలు, ప్రమిదలు, బొమ్మలు చేసుకోవడానికి ఆచారం ప్రకారం చేతితో తవ్వుకునే మామూలు మన్నుకూ, ఇసుకకూ పర్యావరణ అనుమతి అక్కరలేదని కేంద్ర పర్యావరణ శాఖ 2016 జనవరి 15 నాటి ప్రకటనలో స్పష్టం చేసింది. గంపతో మన్ను ఎత్తేవారిని ఎవరైనా ఆ అనుమతి పేరు చెప్పి ఆపబోతే ఈ తేదీ చెప్పడం మంచిది. యంత్రాలతో తవ్వేవారికి ఇది వర్తించదు.

పనిముట్ల సహాయం కూడా వచ్చింది. ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ వారు 2018లో మొదలుపెట్టిన పథకం కింద కరెంటు సారెలు ఇస్తూ వచ్చారు. 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన పి.ఎం. విశ్వకర్మ పథకంలో కుమ్మరులనూ, బొమ్మలు చేసేవారినీ చేర్చారు. పనిముట్లకు 15 వేల రూపాయల దాకా, శిక్షణ రోజుల్లో దినానికి 500 రూపాయల భత్యం అందులో ఉన్నవి. మొదటి శిక్షణ అయిదు నుంచి ఏడు రోజులు. అయిదు రోజుల్లో కరెంటు సారె మీద చెయ్యి కుదురుకుంటుందేమో గానీ, కొమ్ము ఎప్పుడు కప్పాలి, కన్ను ఎప్పుడు పెట్టాలి అన్నవి అయిదు రోజుల్లో వచ్చేవి కావు. అవి ఇంట్లో అవ్వ పక్కన కూర్చొని, నాలుగైదు అమావాస్యలు గడిస్తే వచ్చేవి. అదీగాక పండుగ జూన్, జూలై నెలల్లో వస్తుంది. బడులు తెరిచే రోజులు. పగలు బడి, రాత్రి ఎద్దులు. పిల్లలు నిద్ర కళ్ళతో చేసిన ఎద్దులు కాస్త వంకరగా ఉన్నా వాటినీ సంతకు పెడతారు. అవీ అమ్ముడుపోతాయి.

వంకర ఎద్దుకు కూడా గౌరవం ఉన్న పండుగ ఇది. సరిహద్దు అవతలి పల్లెల్లో అమావాస్య మర్నాడు పిల్లలు కుంటి ఎద్దు పేరు చెప్పి, మట్టి ఎద్దును పట్టుకొని ఇంటింటికీ తిరిగి జొన్నలూ చిల్లరా అడుగుతారు. కాలు విరిగిన ఎద్దుకు ఆ రోజు మంచి రాబడి.

పూజ అయిపోయిన ఎద్దులు బావికో, వాగుకో, ఇంటి మిద్దె మీదికో చేరతాయి. మొదటి గట్టి వానకు మిద్దె మీది ఎద్దు మన్నై మిద్దెలోనే కలిసిపోతుంది. కుమ్మరి ఇంట్లో అమ్ముడుపోక మిగిలిన జతలను పారేయరు. కంటి గింజలు ఊడదీసి, ముకుతాళ్ళు విప్పి, నానబెట్టే గుంతలో వేస్తారు. తెల్లారేసరికి అన్నీ ఒకటే ముద్ద. ఆషాఢంలో మంగళవారాలకు కన్నడ పల్లెల వాళ్ళు గుల్లవ్వ బొమ్మలు అడుగుతారు, శ్రావణంలో పంచమికి నాగప్ప కావాలి, భాద్రపదంలో చవితికి వినాయకుడు. ఆ ముద్దను మళ్ళీ తొక్కడానికి ఆ రోజే కాళ్ళు కడుక్కుంటారు.